పుదుమండపంలో తిరుమల నాయకుడు

మదురై మీనాక్షి ఆలయం తూర్పు గోపురానికి ఎదురుగా ఉన్నది పుదుమండపం. 1623 నుంచి 1659 దాకా మదురైని ఏలిన తిరుమల నాయకుడు దాన్ని వసంతోత్సవం కోసం కట్టించాడు. నడిమి బాటకు ఇరువైపులా స్తంభాల మీద పదిమంది నాయక ప్రభువులు నిలువెత్తున నిలబడి ఉంటారు. మొదటివాడు విశ్వనాథ నాయకుడు, చివరివాడు మండపం కట్టించిన తిరుమల నాయకుడే.

కడంబూరు, కోవిల్‌పట్టి, విరుదునగర్ తెలుగువారికి మదురై దూరం కాదు. అయినా అమ్మవారి దర్శనానికి వెళ్లినవారిలో ఈ ప్రభువుల ముఖం చూసి వచ్చేవారు తక్కువ. చాలాకాలం ఆ స్తంభాల నడుమ దర్జీలు, పుస్తకాల వ్యాపారులు కొట్లు పెట్టుకుని ఉండడం ఒక కారణం. అదొక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోవడం కష్టం. చెరకు తినే రాతి ఏనుగును పిల్లలకు చూపించే పెద్దలు, పక్కనున్న రాజును స్తంభంలో భాగమనుకుని దాటిపోతారు.

తిరుమల నాయకుడి దగ్గర మాత్రం తప్పక ఆగాలి. చేతులు జోడించి, వెనుక రాణులతో నిలబడ్డాడు. ఒంటినిండా నగలున్నాయి, బొజ్జ ముందుకు వచ్చింది. దేవతలకు సన్నని నడుము చెక్కడం తెలిసిన శిల్పి రాజు బొజ్జను దాచలేదు. ఈ మనిషిని ఇలాగే చూపాలనే పట్టుదల అందులో కనిపిస్తుంది.

ఈ విగ్రహాల చుట్టూ ఒక కథ ఉంది. రాణి బొమ్మ చెక్కుతుంటే తొడ దగ్గర పెచ్చు ఊడిందట. రాణికి అక్కడ మచ్చ ఉంటుంది, అలాగే వదిలేయమన్నారట మంత్రి నీలకంఠ దీక్షితులు. రాజు అనుమానించాడని తెలిసి ఆయన కర్పూర హారతితో తన కళ్లు తానే కాల్చుకున్నారని, ఆనందసాగరస్తవంతో మీనాక్షిని వేడి చూపు తిరిగి పొందారని చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, శిల్పి కష్టం నిజం. రాతిలో ఊడిన పెచ్చు మళ్లీ అతకదు.

మైనంతో ఆ భయం లేదు. 1705 ప్రాంతంలో ఆంత్వాన్ బెన్వా ఫ్రాన్సు రాజు 14వ లూయీ ముఖాన్ని పక్కవాటుగా మైనంలో మలిచాడు. గాజు కన్ను, విగ్గు, లేసు పెట్టి, చిన్నతనంలో వచ్చిన మశూచి మచ్చలు కూడా చూపించాడు. అది ఇప్పుడు వెర్సాయ్ రాజప్రాసాదంలో ఉంది. మన స్థపతులకూ మైనం కొత్త కాదు. స్వామిమలైలో మైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేసి, మట్టి పూసి, కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. లోహం మిగులుతుంది, మైనం పోతుంది.

చర్మం వరకు వస్తే మైనానిదే పైచేయి. మనిషి నిలబడే తీరు, ఒంటి బరువు చూపడంలో మదురై రాయి దానికి తీసిపోదు. ఈసారి దర్శనానికి వెళ్లే శ్రోతలు విశ్వనాథుడి దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముఖం, భుజం, నడుము పోల్చుకుంటూ తిరుమల నాయకుడి దాకా నడవాలి.