కెమెరా కన్ను – కాలపు లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



ఈ సభలో భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మొదట నన్ను కోరిరి. నేను సంతోషముగా ఒప్పుకొంటిని. పది దినములు గడచిన పిమ్మట వారే వచ్చి, "భారతము మీరు ఎల్లప్పుడును చెప్పుచునే యున్నారు. ఊరిలో ఇంటింటికిని కెమెరాలు వచ్చినవి. ఏది చెడినను మీ గుమ్మమునకే వచ్చుచున్నాము. ఒక్కమారు అందఱికిని చెప్పివేసినచో మీకు విశ్రాంతి, మాకు మేలు" అని విషయమును మార్చిరి. లెక్కలు వ్రాసికొనువానికి ఈ విద్య ఎట్లబ్బెనని మీరు అడుగవచ్చును. నేను లెక్కలు వ్రాయు బల్ల ప్రక్కనే రికార్డరు పెట్టిరి గనుక, అది కూసినప్పుడెల్ల మొదట వినువాడను నేనే. అంతకుమించిన గురుకులవాసము నాకు లేదు.

ఈ కెమెరా పుట్టుక దొంగలను పట్టుటకు కాదని చెప్పినచో మీరు నవ్వుదురు. 1991లో ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున కంప్యూటరు పరిశోధకులు కొందఱు కాఫీకై మెట్లెక్కి పోవుటయు, తీరా అచ్చట పాత్ర ఖాళీగా నుండుటయు జరుగుచుండెను. విసిగి ఆ పాత్ర కెదురుగా నొక కెమెరా నిలిపి, దాని బొమ్మ తమ బల్లమీది తెరలపై కనబడునట్లు చేసికొనిరి. 1993లో ఆ బొమ్మ ఇంటర్నెట్టు నెక్కి లోకమంతయు చూచెను. 2001లో దానిని ఆపివేసిరి. నేరుగా కంప్యూటరు వలకు తగిలించు కెమెరాను స్వీడను దేశపు ఆక్సిస్ కంపెనీవారు 1996లో మొట్టమొదట అమ్మిరి. నేడు మన వీధి యరుగులపై తొంగిచూచుచున్నవన్నియు దాని సంతతియే.

పెట్టించుకొనువారు మొదట తెలిసికొనవలసినది, ఇందు రెండు జాతులు గలవని. పాతది డి.వి.ఆర్. పద్ధతి. అందు కెమెరా కేవలము చూచును. బొమ్మను అంకెలుగా మార్చి దాచు పని పెట్టెది. రెండవది ఎన్.వి.ఆర్. పద్ధతి. ఇందు కెమెరాయే యొక చిన్న కంప్యూటరు. తానే బొమ్మను కుదించి వలగుండ పంపును, పెట్టె దాచును. రెండవదానిలో మంచి సౌకర్యము, ఒకే తీగెపై బొమ్మయు విద్యుత్తును పోవుట. దీనినే పి.ఓ.ఇ. అందురు. 2003లో దీనికి ప్రమాణము ఏర్పడెను. స్విచ్చి చివర 15.4 వాట్ల వఱకు ఇచ్చును, తీగె 100 మీటర్లు మించరాదు.

ఈ తీగెను గూర్చి యొక మాట నిలిచి చెప్పవలెను. మా బంధువుల తోట గేటునకు ఒక కెమెరా పెట్టిరి. పగలెల్ల చక్కగా పనిచేయును. చీకటి పడగానే మాయమగును. తెల్లవారగానే మరల ప్రత్యక్షమగును. పెట్టినవాడు మూడుమార్లు వచ్చి కెమెరాను మార్చెను. ఫలితము లేదు. గేటు దగ్గర చింతచెట్టున్నది గనుక ఊరివారు చెప్పుకొనవలసినది చెప్పుకొనిరి. నేను పోయి చూచితిని. ఇంటిలో 12 వోల్టుల అడాప్టరు, అచ్చటనుండి గేటు వఱకు సన్నని తీగె. కోసి చూడగా లోన రాగి కాదు, రాగిపూత పూసిన అల్యూమినియము. చీకటి పడగానే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపములు వెలుగును. అప్పుడు దానికి కరెంటు ఎక్కువ కావలెను. సన్నతీగెలో వోల్టేజి పడిపోవును. కెమెరా చచ్చి పుట్టుచుండును. పి.ఓ.ఇ. స్విచ్చి తెప్పించి, అసలైన రాగి కేబులు వేయించితిమి. అది 48 వోల్టుల పద్ధతి. అదే శక్తిని నాలుగింతల వోల్టేజితో పంపినచో కరెంటు నాలుగవ వంతగును, అదే తీగెలో నష్టము పదునాఱవ వంతగును. చింతచెట్టు దయ్యము ఆ రాత్రియే పోయెను. తీగె కొనునప్పుడు చివర కొంచెము గీకి చూడుడు. లోన తెల్లగా నున్నచో వలదనుడు.

కెమెరాను తగిలించు చోటు. మిక్కిలి ఎత్తున పెట్టినచో వచ్చువారి తలపాగలు కనబడును, మొగములు కనబడవు. ఎనిమిది తొమ్మిది అడుగులు చాలును. పడమటి సూర్యుని కెదురుగా పెట్టవలదు. కిటికీ అద్దము వెనుక పెట్టినచో రాత్రి తన దీపము తన కంటిలోనే కొట్టి తెల్లని తెర తప్ప మరేమియు కనబడదు. మన ప్రాంతమున అన్నిటికంటె పెద్ద శత్రువు సాలెపురుగు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగునకు పురుగులు చేరును, పురుగులకై సాలీడు గూడు కట్టును. గాలికి ఆ గూడు కదలినప్పుడెల్ల, ఇంటికి మనుష్యుడు వచ్చెనని మీ కుమారుని ఫోను అమెరికాలో మోగును. పదునైదు దినముల కొకమారు మెత్తని గుడ్డతో తుడిచినచో ఆ బాధ తప్పును. పొరుగువారి పెరడు, నూతిగట్టు కనబడునట్లు కెమెరా త్రిప్పినవారు మాత్రము ఇప్పుడే ఇంటికి పోయి దానిని సరిచేసికొనుడు. అది కాపలా కాదు.

ఇక నా వృత్తికి చెందిన భాగము. ఎన్ని దినముల దృశ్యము నిలుచునని అమ్మువానిని అడిగినచో, "చాలా రోజులండి" అనును. మనమే లెక్క వేసికొందము. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుననుకొనుడు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక సెకనుకు పావు మెగాబైటు. దినమునకు 86,400 సెకనులు. అనగా దినమునకు 21.6 గిగాబైట్లు. నాలుగు కెమెరాలకు 86.4. ఒక టెరాబైటు డిస్కు పదునొకండున్నర దినములలో నిండును. నిండిన పిమ్మట పాతది చెరిపి క్రొత్తది వ్రాయును. డిస్కు చేసినవారు 1000 చొప్పున లెక్కింతురు, మన ఇండ్లలోని విండోసు కంప్యూటరు 1024 చొప్పున లెక్కించి 931 అని చూపును. అందు మోసము లేదు, రెండు కుంచములు, అంతే. కాశీయాత్రకు పోయి ఇరువది దినములకు వచ్చి చూచువారికి, పోయిన దినపు దృశ్యము దొరకకపోవుట కిదియే కారణము. హెచ్.265 అను కుదింపు పద్ధతి నెన్నుకొనినచో ఇంచుమించు సగము చోటు సరిపోవును.

పెట్టె కొనకయే, పాత కంప్యూటరులో రికార్డింగు సాఫ్టువేరు వేసికొనువారును కలరు. జోన్‌మైండర్ వంటివి ఉచితముగా దొరకును. ఒక కంపెనీ కెమెరా మరియొకరి సాఫ్టువేరుతో మాటాడవలెనన్నచో రెండును ఆన్‌విఫ్ అను ఒడంబడికకు లోబడి యుండవలెను. 2008లో ఆక్సిస్, బాష్, సోనీ కంపెనీలవారు దీనిని ఆరంభించిరి. కొనునప్పుడు డబ్బాపై ఆ పేరు చూచుకొనుడు. బొమ్మ రాకున్నచో సాధారణముగా ఆర్.టి.ఎస్.పి. చిరునామా తప్పుగా నుండును. దాని వాడుక ద్వారము 554. కంప్యూటరు మూలుగుచున్నచో, కదలికను కనిపెట్టుటకు కెమెరా పంపు చిన్నబొమ్మను, దాచుటకు పెద్దబొమ్మను వాడుమని అమర్చినచో సేదదీరును.

నా యొద్దకు వచ్చు ఫిర్యాదులలో ఎక్కువభాగము, "నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చినది, అప్పటినుండి ఒక కెమెరా కనబడదు" అనునది. కెమెరా చెడలేదు. రౌటరు ప్రతి వస్తువునకును 192.168 తో మొదలగు ఒక ఇంటినంబరు నిచ్చును. కరెంటు పోయి వచ్చినప్పుడు నంబర్లు మరల పంచును. నిన్న కెమెరాకున్న నంబరు నేడు మీ అల్లుని ఫోనుకు పోవును. రికార్డరు పాత గుమ్మమునకే పోయి తలుపు తట్టుచుండును. రౌటరులో ఈ కెమెరాకు ఈ నంబరే యని శాశ్వతముగా వ్రాసిపెట్టినచో నాకు సగము పని తగ్గును. లోపము వెదకునప్పుడును, జమాఖర్చు సరిపోనప్పుడు చేయునట్లే, ఒక చివరనుండి రావలెను: విద్యుత్తు, తీగె, నంబరు, పాస్‌వర్డు, డిస్కు. మధ్యలో దూరి అన్నియు కదలించినవాడు తుదకు ఏది చెడెనో తానే చెప్పలేడు.

పాస్‌వర్డును గూర్చి ఒక్క ఉదాహరణము చాలును. 2016లో మిరాయి అను దుష్టప్రోగ్రాము లోకమందలి కెమెరాలలోను, రికార్డర్లలోను చొరబడెను. తాళము పగులగొట్టలేదు. కంపెనీవారు పెట్టి పంపిన పేర్లు, పాస్‌వర్డులు అరువదికి పైగా దాని యొద్ద నుండెను. యజమానులు మార్చలేదు గనుక నేరుగా లోనికి పోయెను. ఆ సంవత్సరము అక్టోబరు 21న డిన్ అను సంస్థపై ఆ సేననంతయు ఉసికొల్పగా, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటలతరబడి అందలేదు. దూరదేశమునుండి చూడవలెనని రౌటరులో ద్వారము తెరచి పెట్టుకొనవలదు. కంపెనీ యాప్ గాని, వి.పి.ఎన్. గాని వాడుకొనుడు.

ఇప్పుడు నేను చెప్పుటకు జంకుచున్న సంగతికి వచ్చితిని. ఇది మన గ్రంథాలయపు సంగతి. సభలో చెప్పుటకు కార్యదర్శిగారి అనుమతి తీసికొంటిని.

గత సంవత్సరము మార్గశిరమాసమున చందాల పెట్టెలో 850 రూపాయలు తక్కువయ్యెను. మన గ్రంథాలయము ఉదయము పదునొకండు గంటలకు మూసి, సాయంకాలము నాలుగింటికి తెరతురు గదా. రికార్డరు త్రిప్పి చూడగా మధ్యాహ్నము 12 గంటల 40 నిమిషములకు ఒక బాలుడు ఆ పెట్టె ప్రక్క అలమార దగ్గర నిలిచియుండుట కనబడెను. వయస్సు పదునాలుగేండ్లు. పేరు చెప్పను. అలమారల వైపు కిటికీ లేదు. పగలైనను రాత్రియైనను అచ్చట ట్యూబులైటే గనుక వెలుగునుబట్టి వేళ తెలియదు. మూసిన గదిలో ఆతడేల యుండెను? పిలిపించి ఆర్గురము పెద్దలము ఎదుట నిలబెట్టి అడిగితిమి. "నేను సాయంత్రమే వచ్చానండి బాబాయిగారూ, పుస్తకం ఇచ్చేసి వెళ్లాను" అనెను. యంత్రము అబద్ధమాడునా యని అన్నవాడను నేనే. బాలుడు మరి మాటాడలేదు.

నాలుగు దినములకు వేఱొక పనికై ఆ తెర చూచుచుండగా అందు 2 గంటలని యున్నది. నా చేతి గడియారములో రాత్రి 7:30. అయిదున్నర గంటల భేదము! అది గ్రీనిచ్ కాలమునకును మన కాలమునకును గల భేదమని చిన్నపిల్లవానికిని తెలియును. అంతకు ముందు మరమ్మతు చేసినవాడు కెమెరాను మొదటి స్థితికి తెచ్చి, కాలమండలమును మరల అమర్చక పోయెను. 12:40కి అయిదున్నర కలుపగా సాయంకాలము 6:10. పుస్తకముల రిజిస్టరు తీసితిని. ఆ సాయంకాలపు వరుసలో ఆ బాలుని సంతకము, వాపసు చేసిన పుస్తకము పేరు స్పష్టముగా నున్నవి. అంతకంటె సిగ్గుచేటు, మేము ముందు వెనుకలు చూడక ఆ ఒక్క నిమిషమునే చూచితిమి. చూచియుండినచో, మూసితిమనుకొన్న గదిలో నలుగురు కూర్చుండి పుస్తకములు చదువుచుండుట కనబడియుండెడిది!

విరాటపర్వమున ఉత్తర గోగ్రహణవేళ అర్జునుని గుర్తించిన దుర్యోధనుడు, గడువు తీరకయే బయటపడెనని సంతోషించెను. కన్ను పొరపడలేదు, వచ్చినవాడు అర్జునుడే. లెక్క పొరపడెను. అయిదేండ్లకు రెండు అధికమాసములు కలుపవలెనని భీష్ముడు లెక్కించి, గడువు తీరెనని చెప్పవలసి వచ్చెను. ఆ ఘట్టమును ఈ యూరివారికి ఎన్నిమార్లు చదివి వినిపించితినో నాకే తెలియదు.

ఆ 850 రూపాయలు ఏమైనవో నేటికిని తేలలేదు. కార్యదర్శిగారును నేనును చెరిసగము చెల్లించితిమి. కెమెరాలకు, రికార్డరుకు కాలమండలము అమర్చి, ఇంటర్నెట్టునుండి తమంతట తామే గడియారము సరిచూచుకొనునట్లు ఎన్.టి.పి. కలిపితిమి. లోని చిన్న బిళ్ల బ్యాటరీ చచ్చినచో కొన్ని పెట్టెలు 1970 జనవరి 1 అని చూపును గనుక దానిని కూడ మార్చితిమి. ప్రతి సోమవారము తెరమీది వేళను, గోడగడియారపు వేళను ప్రక్కప్రక్కన వ్రాయుటకు ఒక పుస్తకము పెట్టితిమి. ఇది చాదస్తము కాదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, ఇట్టి దృశ్యమును న్యాయస్థానమున సాక్ష్యముగా నిచ్చునప్పుడు యంత్రము సరిగా పనిచేయుచుండెనని ధ్రువపత్రము జతపరచవలెను. సంతకము చేయువాడు ఏమి చూచి చేయవలెను?

మీలో ఎవరికైన ఈ పనులు నేర్చుకొనవలెనని యున్నచో ఆదివారము ఉదయము రికార్డరు వద్ద నేనుందును. నిచ్చెన మాత్రము మీరే తెచ్చుకొనవలెను.

ఆ బాలుని ఇంటికి నేను పోయితిని. తండ్రి అరుగుమీద కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చెను. "పోనీండి, మీరు కావాలని అన్నారా" అనెను. బాలుడు లోపలినుండి రాలేదు. రెండవమారు పోయినప్పుడును రాలేదు. వాపసు చేసినది ఒక నవల మొదటి భాగము; రెండవ భాగము కావలెనని ఆ దినముననే రిజిస్టరులో వ్రాసి పోయెను. ఆ పుస్తకము తరువాత మన గ్రంథాలయమునకు వచ్చినది. ఆతని పేర చీటి పెట్టి, అలమారలో క్రింది అరలో ఉంచితిని. ఆతని స్నేహితులెవరైన ఈ సభలో నున్నచో, ఆ మాట ఆతనికి చెప్పుడు.