ల్యాప్‌టాప్ చచ్చిపోయింది... తప్పు కరెంటుదేనా?

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో జరిగిన కథే.

గత నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ల్యాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదు. వోల్టేజ్ ఎక్కువై బోర్డు పోయింది, 14,000 అవుతుంది అని షాపులో అంటున్నారు" అన్నాడు. వాడిది బీటెక్ ఫైనల్ ఇయర్, ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. బాబాయి అప్పటికే డబ్బులు సర్దే పనిలో పడ్డాడు.

"మీటర్ పెట్టి చూశారా?" అని అడిగా. "లేదన్నా, చూడగానే చెప్పేశారు" అన్నాడు. సరే, ముందు నా దగ్గరికి తీసుకురా అన్నాను.

వోల్టేజ్ అంటే ఇంట్లో అందరూ నమ్మేశారు. ఎందుకంటే ఆ వారంలోనే కరెంటు పోయి వచ్చింది. కానీ మీ ఛార్జర్ మీద ఒకసారి చూడండి, ఇన్‌పుట్ 100-240 వోల్టులు అని ఉంటుంది. మన ఇంటి కరెంటు 230. లైన్‌లో వోల్టేజ్ మరీ పెరిగితే సాధారణంగా ముందు పోయేది ఛార్జరే. అందుకే మొదట దానికి మీటర్ పెట్టా. దాని మీద రాసినట్టే 19.5 వోల్టులు వస్తున్నాయి. అంటే ఛార్జర్ బాగానే ఉంది. అక్కడే నాకు డౌట్ వచ్చింది.

తర్వాత పిన్ను ల్యాప్‌టాప్‌కి పెట్టా. వెంటనే ఛార్జర్ లైట్ ఆరిపోయింది. తీస్తే మళ్ళీ వెలిగింది. ఇది పెద్ద క్లూ ఫ్రెండ్స్. లోపల ఎక్కడో షార్ట్ ఉంది, అందుకే ఛార్జర్ తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది.

కింద మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేశా. ఛార్జింగ్ పిన్ను దగ్గర ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెడితే దాదాపు సున్నా ఓమ్‌లు. షార్ట్ ఖాయం. లెన్స్ పెట్టి చూస్తే ఒక చిన్న కెపాసిటర్ చుట్టూ ఆకుపచ్చ, తెలుపు కలిసిన తుప్పు. దాన్ని ఊడదీయగానే షార్ట్ పోయింది.

వోల్టేజ్ దెబ్బ అలాంటి తుప్పు పెట్టదు. తడి పెడుతుంది.

వాణ్ణి పక్కకి పిలిచి, "నిజం చెప్పరా, ఏం పోశావ్?" అన్నా. కాసేపు మాట్లాడలేదు. "మూడు వారాల క్రితం టీ ఒలికిందన్నా. తుడిచేశా, మామూలుగానే పనిచేసింది. నాన్నకి చెప్తే తిడతారని..." అన్నాడు.

అసలు సంగతి అదీ. పైన ఆరింది గానీ లోపల టీ మరక ఉండిపోయింది. వీడు ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంచేవాడు. తడి మీద కరెంటు పారుతుంటే తుప్పు చాలా ఫాస్ట్‌గా పెరుగుతుంది. అలా రోజూ కొంచెం కొంచెం తినేసింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగి, కొత్త కెపాసిటర్ వేశా. ఆన్ అయింది. నేను చేసిన మొదటి పని, ప్రాజెక్టుని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయించడం. రెండో పని, టీ సంగతి బాబాయికి వాడి చేతే చెప్పించడం. తిట్లు పడ్డాయి, కానీ 14,000 మిగిలాయి.

గుర్తుపెట్టుకోండి. ల్యాప్‌టాప్ మీద ఏదైనా ఒలికితే వెంటనే ఛార్జర్ తీసేయండి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేయండి. "పనిచేస్తుందా లేదా" అని ఆన్ చేసి చూడొద్దు. బియ్యంలో పెడితే లోపలి మరక పోదు, విప్పి క్లీన్ చేయించాల్సిందే. రిపేర్ చేసేవాళ్ళ దగ్గర ఒలికిన సంగతి దాచొద్దు. "బోర్డు పోయింది" అంటే, ఎక్కడ కొలిచారు, ఎంత వచ్చింది అని అడగండి. ఛార్జర్‌ని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు.

మీ ల్యాప్‌టాప్‌కి ఏం జరిగిందో కామెంట్‌లో రాయండి. టీ ఒలికినా పర్లేదు, ఇక్కడ ఎవరూ తిట్టరు. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.