పాత స్టడ్లు మళ్లీ బిగించవచ్చా?

(ఫాక్‌లాండ్ రోడ్డు చాల్‌లో, గ్యారేజీ పనిలో ఉన్న మిల్లు కార్మిక కుటుంబాల యువకుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



1982 జనవరి 18న మొదలైన సమ్మెలో బొంబాయి మిల్లు కార్మికులు సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. వారిలో చాలామందికి మిల్లు గేటు మళ్లీ తెరుచుకోలేదు. మనవాళ్లు కొందరు ఊళ్లకు పోయారు, కొందరు భివండి మగ్గాలకు పోయారు, కొందరు టాక్సీ తోలారు, కొందరు గ్యారేజీలో పానా పట్టారు. నేను ఆ తర్వాత మిల్లులో చేరినవాణ్ణి. నా మిల్లు కూడా మూతబడ్డాక కొన్నేళ్లు గ్యారేజీలోనే బతికాను.

అక్కడ ఒక డీజిల్ టాక్సీ ఇంజన్ విప్పి కట్టాం. సిలిండర్ హెడ్డు పట్టి ఉంచే స్టడ్లు పాతవే బిగించమన్నాడు సేటు. చివరి బిగింపులో ఒక నట్టు తిరుగుతూనే ఉంది గాని బిగుసుకోవడం లేదు. చేతికి తెలిసిపోయింది. చెప్పాను. "నడుస్తుంది, కట్టెయ్" అన్నాడు. వారం తిరగకముందే హెడ్డు గ్యాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్లో కలిసి ఆయిల్ మజ్జిగలా అయింది. డ్రైవరుకు రోజుల తరబడి కిరాయి పోయింది. కోత మాత్రం నా పగారులో పడింది. అందుకే ఈ సంగతి మీకు చెబుతున్నాను.

స్టడ్డు చేసే పని ఏమిటి? అది గట్టి స్ప్రింగు. నట్టు బిగిస్తే వెంట్రుకవాసి సాగుతుంది. వెనక్కి రావాలని లాగుతుంది. ఆ లాగుడే హెడ్డును బ్లాకుకు అదిమి పెడుతుంది. మనకు తెలిసిన పడుగు నూలు కూడా ఇంతే. హద్దులో లాగితే తిరిగి వస్తుంది. హద్దు దాటితే సాగినది సాగినట్టే ఉంటుంది, తర్వాత మగ్గం మీద తెగుతుంది. అలా సాగిపోయిన స్టడ్డును ఎంత బిగించినా ప్రయోజనం లేదు.

మరి పాతవన్నీ పారేయాలా? అక్కరలేదు. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ లాంటి పాత ఇంజన్లలో స్టడ్లు హద్దులోపల పనిచేసేలా చేసినవి. పరీక్షలో నెగ్గితే మళ్లీ వాడవచ్చు. ఆ పరీక్ష ఇది:

మొదట కిరోసిన్‌తో కడిగి తుడవండి. కొత్త నట్టును వేళ్లతో ఎక్కించండి. చివరిదాకా నున్నగా పోవాలి. మధ్యలో పట్టేస్తే చూడీ సాగిందన్న మాటే. కొత్త స్టడ్డు పక్కన పెట్టి పొడవు చూడండి. వెర్నియర్‌తో నాలుగు చోట్ల మందం కొలవండి. నడుము సన్నబడితే పక్కన పడేయండి. అద్దం మీద దొర్లించండి, వంకర తెలుస్తుంది. నీళ్లు తగిలే చోట తుప్పు గుంటలు ఉంటే నమ్మవద్దు. వెల్డింగు చేసి వాడటం మాటే వద్దు. ఒక్కటి చెడినా అన్నీ మార్చడం మేలు. ఒకటి గట్టిగా, ఒకటి వదులుగా ఉంటే గ్యాస్కెట్ నిలవదు.

కొత్త కార్ల సంగతి వేరు. చాలా ఇంజన్లలో బోల్టులను మొదట కొంత బిగించి, తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. వాటిలో కొన్ని కావాలనే హద్దు దాకా సాగేవి. మాన్యువల్‌లో మార్చమని ఉంటే మార్చాల్సిందే. కొలత ఇచ్చి ఉంటే కొలిచి చూడాలి.

ఇంజనే మార్చేటప్పుడు మరీ జాగ్రత్త. బజారులో కొన్న పాత ఇంజన్‌ను ఎవరు ఎన్నిసార్లు విప్పారో ఎవరికి ఎరుక? హెడ్డు విప్పితే కొత్త స్టడ్లే వేయండి. పెట్రోలు తీసి డీజిల్ పెడుతుంటే లోపలి ఒత్తిడి చాలా ఎక్కువ, స్టడ్డు మీద బరువూ ఎక్కువే. ఇంజన్ మార్పు ఆర్‌.సి. పుస్తకంలో ఎక్కించాలని కూడా బండివాడికి చెప్పండి.

ఇక బిగింపు. బ్లాకు రంధ్రంలో నీళ్లు, ఆయిల్ మిగిలితే స్టడ్డు దిగేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగులుతుంది. గాలి కొట్టి ఆరబెట్టండి. రెంచి మీద పెట్టే బలంలో సుమారు 90 శాతం రాపిడికే పోతుంది, 10 శాతమే స్టడ్డును సాగదీస్తుంది. కనుక చూడీకీ వాషరుకూ ఆయిల్ రాయాలో వద్దో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. అందాజుగా కాదు, టార్క్ రెంచితో, నడుమ నుంచి అంచులకు, మూడు విడతలుగా బిగించండి.

తమ్ముళ్లారా! మిల్లులో మనకు మస్టర్ ఉండేది, యూనియన్ ఉండేది. చిన్న గ్యారేజీలో అవి లేవు. అందుకని ఒక పని చేయండి. పాత స్టడ్లు వేయమంటే, "స్టడ్లు పాతవే, యజమాని మాట మీద" అని బిల్లు మీద రాయించండి. చెడిన స్టడ్డును పారేయకుండా చూపించండి. ఆ రోజు నేను నోటితో చెప్పాను, కాగితం మీద పెట్టలేదు. అందుకే నా పగారు పోయింది, మాట నిలవలేదు. ఒక్కరు అడిగితే సేటు కసురుతాడు. ఈ సందులోని మిస్త్రీలంతా అదే అడిగితే అది గ్యారేజీ కాయిదా అవుతుంది.

పని తెలిసిన చేతికి విలువ ఉంది. ఆ విలువను మనమే కాపాడుకోవాలి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!