నమూనా విమానమునకు పెట్రోలు ఇంజను



మా గిద్దలూరు ప్రాంతమున కందిచేలలోను ప్రత్తిచేలలోను మందు చల్లు పవరు స్ప్రేయరు చప్పుడు ఎరుగనివారు లేరు. త్రాడు లాగినంతనే బుర్రుమని లేచు ఆ ఇంజను టూ స్ట్రోకు జాతిది. దానికి వేరుగ కందెన తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే దానికి ప్రాణము. ఆ జాతి ఇంజనునే నమూనా విమానము ముక్కున బిగించి, నేలనుండి రేడియోతో నడుపు విద్యను గూర్చి ఈనాడు మీతో ముచ్చటింపదలచితిని. విమానములకై అమ్ముచున్న పెట్రోలు ఇంజనులలో కొన్ని గడ్డికోత యంత్రముల ఇంజనులనుండి పుట్టినవే. కావున మన పల్లెల యువకులకు ఇది బొత్తిగా పరాయి విద్య కాదు.

ఇది నిన్న మొన్నటి విద్యయు కాదు. అమెరికాలో లాంగ్లీ పండితుడు 1901లోనే పెట్రోలు ఇంజను గల, మనుష్యుడు లేని చిన్న విమానమును ఎగురవేసెను. రైటు సోదరులు తామే ఎక్కి ఎగిరినది 1903లో. పిమ్మట 1947లో రే ఆర్డెను అను నాతడు గ్లో ప్లగ్గును బజారునకు తెచ్చెను. ఆ ప్లగ్గుతో నడుచు ఇంజనులకు మిథనాలును, దానిలో కలిపిన ఆముదమును ఆహారము. మన మెట్టచేలలో పండు ఆముదమే 1914–18 మహాయుద్ధపు రోటరీ ఇంజనులకును కందెనయై యుండెను. అయితే ఆముదము మిథనాలులో కలియునట్లు పెట్రోలులో కలియదు. కనుక పెట్రోలు ఇంజనుకు టూ స్ట్రోకు నూనెనే వాడవలెను. పాలు ఎంతయో ఇంజను చేసినవారే చెప్పుదురు. 32 పాళ్లకు ఒక పాలు అన్నచో, లీటరు పెట్రోలుకు సుమారు 31 మిల్లీలీటర్ల నూనె. కంటి అంచనాతో పోయరాదు, కొలపాత్రతో కొలువవలెను.

నేను ముఖ్యముగ చెప్పదలచిన మాట ఒక్కటియే. విమానము గాలిలో నిలుచునో కూలునో చాలవరకు నేలమీదనే తేలిపోవును.

మొదట బిగింపు. ఇంజను వెనుకనుండు పలక గట్టి ప్లైవుడ్డుతో చేసినదై, ఎపాక్సీ జిగురుతో నాలుగు ప్రక్కల అతికినదై యుండవలెను. పలకకు పెట్రోలు పీల్చని పూత వేయవలెను. నూనె పీల్చిన చెక్క మెత్తబడును. మెత్తబడిన చెక్కపై బోల్టు నిలువదు. అదురునకు నట్లు వదులుకాకుండ మరలకు బిగింపు ద్రవము రాయవలెను. టాంకిలోని గొట్టపు కొసకు చిన్న బరువు కట్టినచో, విమానము ఏ ప్రక్క ఒరిగినను ఆ కొస పెట్రోలును వెదకికొనును. గ్లో ఇంజనులకు వాడు సిలికోను గొట్టము పెట్రోలుకు పనికిరాదు; అది ఉబ్బి చెడిపోవును.

రెండవది విద్యుత్తు. స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వ ఒక చిన్న రేడియో కేంద్రము వంటిది. పుట్టినప్పుడెల్ల గోల చేయును. ఆ గోల మన రిసీవరు చెవిని బడకుండుటకై ఇగ్నిషను పెట్టెను దానికి ఒక అడుగు దూరమున నుంచవలెను. రెంటికి వేరువేరు బ్యాటరీలుండవలెను. థ్రాటిలు కడ్డీ లోహముది కాక నైలానుది కావలెను. ఇంజను ఆగియున్నపుడును, నడచుచున్నపుడును రేడియో దూరమును పరీక్షింపవలెను. సంకేతము తెగినయెడల థ్రాటిలు తనంతట తాను తగ్గునట్లు ముందే అమర్చవలెను.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రొపెల్లరు. 18 అంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 7,000 చుట్లు తిరుగునపుడు దాని కొస వేగము గంటకు సుమారు 600 కిలోమీటర్లు. తిరుగుచున్న రెక్క కంటికి కనబడదు. కనబడనిది లేదని చేయి చాచుట మనుష్యస్వభావము. వ్రేలు పోయినచో మరల మొలవదు. కావున ఇంజను లేపునపుడు ఒకరు తోకను గట్టిగా పట్టుకొనవలెను. చేతికి దళసరి తొడుగుండవలెను, లేదా కఱ్ఱతో త్రిప్పవలెను. వదులు చొక్కాచేతులు, కండువా పనికిరావు. చూడవచ్చిన పిల్లలు ప్రొపెల్లరు తిరుగు వరుసలో నిలువరాదు. అందరును విమానము వెనుకకే పోవలెను. ఇంజను లేచిన పిమ్మట సూదులను వెనుకనుండియే త్రిప్పవలెను.

కార్బ్యురేటరుకు రెండు సూదులుండును: ఒకటి మందగతికి, ఒకటి వడిగతికి. రెంటిని సుమారు ఒకటిన్నర చుట్టు తెరచి ఆరంభింతురు. మొదట మందగతిని, పిదప వడిగతిని దిద్దవలెను. వడిగతిలో అత్యధిక చుట్లు వచ్చు స్థానము దొరకగానే అక్కడ ఆగరాదు. మరికొంచెము తెరచి, ఇంజను పాట ఒక పిసరు బరువెక్కునట్లు చేయవలెను. ఏలయన, పెట్రోలు తగ్గినచో దానితోపాటు నూనెయు తగ్గును. ఇంజను కాగి పట్టివేయును. పిదప ముక్కును ఆకాశమువైపు ఎత్తి పట్టి చూడవలెను. ఆ స్థితిలో గొంతు తడబడినచో విమానమును ఎగురనీయరాదు.

మా ఎండలలో ఇంకొక విశేషము కలదు. 20 డిగ్రీల గాలికంటె 40 డిగ్రీల గాలి సుమారు 6 శాతము పలుచన. గాలి తగ్గుటచే పెట్రోలు పాలు హెచ్చగును. కనుక పుష్యమాసమున దిద్దిన సూది వైశాఖమునకు సరిపోదు. మరియు 2025 నాటికి మన బంకుల పెట్రోలులో 20 శాతము ఇథనాలు చేరినది. ఇథనాలు తేమను పీల్చును. ఆట ముగిసినంతనే టాంకి ఖాళీచేసి, కార్బ్యురేటరు ఎండువరకు ఇంజనును నడిపి ఆపవలెను.

ఇక స్థలము. కోత ముగిసిన శనగచేను మేలు. ఎండుగడ్డి పెరిగిన బీడు కీడు. ఒక్క నిప్పురవ్వ చాలును. ప్రక్కన ఒక బక్కెటు ఇసుక తప్పక యుండవలెను. ఊరికిని, రైలుకట్టకును, కరెంటు తీగలకును దూరముగ నుండవలెను. పడమట నల్లమల పులుల అభయారణ్యమువైపు విమానము ముక్కు త్రిప్పరాదు. 2021 నాటి డ్రోన్ నియమములు 25 కిలోలకు మించక, వినోదమునకో విద్యకో కంటిచూపులో నడుపు నమూనా విమానములను ప్రత్యేకముగ పేర్కొన్నవి. ఆ నియమములను చదివి, ఏ చోట ఎగురవచ్చునో ప్రభుత్వ పటమున చూచి మరి ఎగురవేయవలెను.

ఇంత శ్రమ ఒక ఆటకొఱకా యని మీరడుగవచ్చును. స్ప్రేయరు మొరాయించినపుడు త్రాడును వంద మార్లు లాగు రైతుబిడ్డకు, నిప్పు, గాలి, పెట్రోలు అను మూటిలో ఏది కొరవడెనో విచారించు అలవాటు ఈ ఆటవలన అబ్బును. చెడిన యంత్రమును తిట్టక, కొట్టక, వరుసగా ప్రశ్నించుట నేర్చినవాడు పొలమునకును, ఊరికిని అక్కరకు వచ్చును.