పిల్లల పాలిటెక్నిక్ సీటు వదులుకోవద్దు



మన సైట్లకు కొత్తగా వస్తున్న హెల్పర్లలో ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు కనిపిస్తున్నారు. అడిగితే "ఇంటర్ మధ్యల ఆపేసిన అన్నా" అంటరు. అక్కడ చూస్తే, ఏటా కౌన్సెలింగ్ అయ్యాక కూడా పాలిటెక్నిక్‌లలో సీట్లు మిగులుతున్నాయి. మూడేళ్లు పైసా రాకుండా ఇల్లెట్ల గడుస్తదన్న భయమే మన పిల్లల్ని ఆపుతోంది.

ఆ లెక్క ఒక్కసారి వేసి చూద్దాం. పది తర్వాత పాలిసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. సర్కారు కాలేజీలో ఫీజు తక్కువ, అర్హులకు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఆపైన ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోనే చేరొచ్చు. పది తప్పినవాళ్లు ఓపెన్ స్కూల్‌లో రాయొచ్చు. పది పాసైతే పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర కూడా పడదు.

డ్రాయింగు చదివేటోడు ఫోర్‌మన్ అయితడు, చదవరానోడు పదేళ్లయినా రాడ్లే మోస్తడు. ఇది మనం రోజూ చూసేదే.

అందుకే పదో తరగతి పరీక్షలప్పుడే ఇంటికి ఫోన్ చేసి "పాలిసెట్‌కు అప్లై చేసినవా బిడ్డా?" అని అడుగుదాం. రూముల్లో వేసుకునే చిట్టీల్లో ఒకటి పిల్లల హాస్టలు, బస్సు ఖర్చులకని పక్కన పెడదాం. అప్పు తీర్చే పని మనతోనే ఆగాలె, పిల్లల దాకా పోవద్దు.