పాత జీపు: ఏది మార్చాలి? ఏది మార్చకూడదు?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉట్నూరు, జోడేఘాట్ దారుల్లో డ్యూటీ చేసినవారికి జీపు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ మమకారంతోనే కొందరు మిత్రులు గ్రాట్యుటీ డబ్బుతో పాత పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజన్ వేయిద్దామంటున్నారు. నా 1968 నాటి బండికి నేను వేసుకున్న లెక్క మనవి చేస్తాను.

డీజిల్ ఇంజన్ బరువెక్కువ. ముందు కమాన్ కట్టలు, ఇంజన్ మౌంటింగులు మార్చాలి. అది తక్కువ చుట్లు తిరుగుతుంది కనుక పాత యాక్సిల్‌తో బండి వేగం అందుకోదు. క్రౌన్, పినియన్ మార్చాలి. అదీ ముందు, వెనుక యాక్సిళ్లు రెండింటికీ ఒకే నిష్పత్తిలో ఉండాలి. లేకుంటే ఫోర్ వీల్ వేయగానే గేర్లు బిగుసుకుని విరుగుతాయి. ఒక ఖర్చు ఇంకో ఖర్చును లాక్కొస్తుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేనిదే ఇంజన్ మార్చకూడదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఇంజన్, ఛాసిస్, బాడీ అసలు రూపంలోనే ఉండాలి. మారిస్తే ఆ అర్హత పోయినట్లే.

అందుకే నా నిర్ణయం ఇది: ఉన్న ఇంజన్‌కే బోరు చేయించడం, యాక్సిళ్లకు బేరింగులు, ఆయిల్ సీళ్లు వేయించడం. అన్నిటికన్నా ముందు బ్రేకులు, స్టీరింగు. లోపల మెత్తని సీట్లు, బెల్టులు, మోకాళ్ల నొప్పులవారు ఎక్కేందుకు ఒక పట్టుకొమ్మ చాలు.

షెడ్డుకు వెళ్లేముందు ఆర్.సి.లోని ఇంజన్, ఛాసిస్ నంబర్లు బండితో సరిచూసుకోండి. పెన్షన్ సొమ్ము ఆ తర్వాతే తీయండి. సెలవు.