హ్యాండిల్ ఎందుకు విరిగింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా పది నిమిషాలు మాట్లాడు" అన్నారు. పోలవరం గురించో, అమరావతి గురించో మాట్లాడతానని ఆయన అనుకుని ఉంటారు. నేను మాట్లాడబోయేది కారు సీటు పక్కన ఉండే చిన్న ప్లాస్టిక్ హ్యాండిల్ గురించి. అదేనండీ, పైకి లాగితే సీటు వెనక్కి వాలుతుందే, అది. నవ్వుతున్నారు కదా, కారున్న వాళ్లంతా ఒకసారి చెయ్యెత్తండి. ఆ హ్యాండిల్ ఎప్పుడైనా విరిగిన వాళ్లు మాత్రం చెయ్యి దించకండి. చూశారా, నవ్విన వాళ్ల చేతులే ఇంకా పైన ఉన్నాయి!

2024 సెప్టెంబరు మొదటి రోజులు మనలో ఎవరూ మర్చిపోలేరు. ఒక పక్క ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణమ్మ పోతోంది. ఇంకో పక్క బుడమేరు గట్లు తెంచుకుని సింగ్ నగర్ మీద పడింది. మా అక్కా బావగార్ల ఇల్లు అక్కడే. వాళ్లు మేడ మీద బతికి బయటపడ్డారు. కింద నిలబెట్టిన కారు మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. నీళ్లు తీశాక చూస్తే సీట్ల మీద బెత్తెడు బురద. ఇంజను బాగు చేయించారు. సీట్లు ఊడదీసి, కడిగి, మేడ మీద వారం రోజులు ఎండబెట్టారు. కారు మళ్లీ కదిలింది. బావగారు చాలా సంతోషించారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొనుక్కున్న కారు అది.

నెల తిరక్కుండానే డ్రైవరు సీటు హ్యాండిల్ విరిగింది. ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే, "హ్యాండిల్ విడిగా రాదండీ, మొత్తం సీటు ఫ్రేమే మార్చాలి" అని పద్నాలుగు వేలకు లెక్క రాసిచ్చారు. బావగారు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. "ఏమయ్యా ఇంజనీరూ, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్కకు పద్నాలుగు వేలా?" అన్నారు.

నాకు రోషం వచ్చింది. ముప్పై ఏళ్లుగా మెకానికల్ ఇంజనీరుని. ఆదివారం పూట కూర్చున్నాను. మూడు మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ తెచ్చి, పాత ముక్క కొలతకు కోసి, ఇరుసు ఆకారానికి సరిపోయేలా ఆకురాయితో కన్నం రుద్ది, పైన పాత ప్లాస్టిక్ పట్టు బిగించాను. ఖర్చు 180 రూపాయలు. లాగితే కొంచెం గట్టిగానే ఉంది. "ఏనుగు లాగినా విరగదు బావగారూ" అన్నాను. అక్క ఆ పూట గారెలు వండింది. రెండు రోజులు మా బంధువులందరికీ ఈ సంగతి చెప్పుకున్నాను.

మూడు వారాల తర్వాత ఒక తెల్లవారుజామున బావగారు, అక్క గుడికి బయల్దేరారు. రామవరప్పాడు రింగు దాటాక చిన్న గతుకు మీద కారు ఎగిరింది. ఆ కుదుపుకి సీటు ఒక్కసారిగా వెనక్కి పడిపోయింది. బావగారు వెల్లకిలా అయిపోయారు. స్టీరింగు అందలేదు, కాలికి బ్రేకు అందలేదు. అక్కకు కారు నడపడం రాదు. అయినా ఏ దేవుడు చెప్పాడో, మధ్యలో ఉన్న హ్యాండ్ బ్రేకు రెండు చేతులా లాగేసింది. కారు డివైడరును రాసుకుంటూ ఆగింది. ఆ వేళకి వెనక లారీ లేదు. బావగారి మెడ పట్టేసింది, అక్క మణికట్టు వాచింది. అంతటితో పోయింది.

ఫోన్లో అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు కంగారు పడకురా" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ కారుని జవహర్ ఆటోనగర్ తీసుకెళ్లాను. మన బెజవాడ వాళ్లకు ఆటోనగర్ గురించి చెప్పక్కర్లేదు. లారీ బాడీ కట్టాలన్నా, బోల్టు తిప్పాలన్నా దేశం నలుమూలల నుంచీ అక్కడికే వస్తారు. సీట్ల పని చేసే ఒక పెద్ద మేస్త్రి గారు పక్క కవరు విప్పి, టార్చి వేసి, నన్ను వంగి చూడమన్నారు. లోపల ఎండిన బురద, తుప్పు. నేను చేసిన హ్యాండిల్ మాత్రం చెక్కు చెదరలేదు.

"ఈ పట్టీ ఎవరు చేశారు సార్?" అన్నారు.

"నేనే మేస్త్రీ గారూ."

"పని బాగుంది సార్. కానీ ముందున్న ప్లాస్టిక్‌ది ఎందుకు విరిగిందో చూశారా?"

చూడలేదు. అదే నా తప్పు.

ఆ యంత్రం సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. సీటు వెనక భాగం కింద పళ్లున్న ఒక అర్ధచక్రం ఉంటుంది. ఆ పళ్లలోకి దిగి పట్టుకునే ఒక కొక్కెం ఉంటుంది. మీరు హ్యాండిల్ లాగితే కొక్కెం పళ్లలోంచి బయటికి వస్తుంది, సీటు కదులుతుంది. వదిలితే స్ప్రింగు ఆ కొక్కేన్ని మళ్లీ పళ్లలోకి నెడుతుంది. బావగారి కారులో బురద వల్ల కొక్కెం బిగుసుకుంది. అందుకే ఆయన బలంగా లాగారు, ప్లాస్టిక్ విరిగింది. నేను ఇనుముది పెట్టాను కాబట్టి బలవంతంగా కొక్కెం బయటికైతే వచ్చింది. లోపలికి పూర్తిగా వెళ్లడానికి మాత్రం బురద అడ్డం. పళ్ల కొసల మీద వేలాడుతూ మూడు వారాలు ఆగి, గతుకు తగలగానే జారిపోయింది.

మన డెల్టా వాళ్లకు ఇది కొత్త కాదు. పంట కాలువ తూము దగ్గర షట్టరు ఒండ్రుతో బిగుసుకుంటే ఏం చేస్తాం? తొందరపడ్డ వాడు చక్రానికి గునపం వేసి తిప్పుతాడు, మర విరుగుతుంది. తెలిసిన రైతు ముందు ఒండ్రు తీస్తాడు.

ఇప్పుడు లెక్క. హ్యాండిల్ పొడవు 12 సెంటీమీటర్లు, ఇరుసు మధ్య నుంచి దాని అంచు అర సెంటీమీటరు అనుకోండి. చివర మీరు 10 కిలోల బలంతో లాగితే ఇరుసు దగ్గర ప్లాస్టిక్ మీద పడేది 240 కిలోలు. తొమ్మిదో తరగతిలో చెప్పిన లీవరు సూత్రమే. అందుకే అది ఎప్పుడూ ఇరుసు పట్టే కన్నం దగ్గరే చీలుతుంది.

కాబట్టి మీ హ్యాండిల్ విరిగితే ముందు విరిగిన ముక్క తీసేసి, ఇరుసుని ప్లయరుతో పట్టి మెల్లగా తిప్పండి. తేలిగ్గా తిరిగి, వదలగానే టక్కుమని వెనక్కి వస్తే యంత్రం బాగున్నట్టు, హ్యాండిల్ ఒక్కటే చూసుకోవచ్చు. బిగుతుగా ఉన్నా, నిదానంగా వెనక్కి వచ్చినా, సీటు ఊగులాడుతున్నా జబ్బు లోపల ఉంది. అక్కడ పొదుపు చేయకండి.

యంత్రం బాగుంటే తక్కువలో అయ్యే దారులు మూడున్నాయి. మొదటిది, ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో అదే మోడల్ హ్యాండిల్ వెతకడం. విరిగిన ముక్క జేబులో వేసుకుని వెళ్లండి, ఇరుసు కన్నం సరిపోవాలి. రెండోది అతకడం. ముక్క వెనక వైపు ప్లాస్టిక్ పేరు చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంటుంది. ఏబీఎస్ అని ఉంటే గరుకు కాగితంతో రుద్ది, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వేస్తే పట్టుకుంటుంది. చీలిక చివర సన్నటి కన్నం వేస్తే అది ఇంకా ముందుకు పాకదు. బయట బిగుతుగా ఒక లోహపు రింగు తొడిగితే ఇంకా మంచిది. పీపీ అని ఉంటే మామూలు జిగురులేవీ సరిగా పట్టవు, డబ్బు దండగ. మూడోది నేను చేసిన ఇనుప పట్టీ. అంచులు గుండ్రంగా రుద్దండి, లేకపోతే తొడ గీరుకుంటుంది.

చేయకూడనివి కూడా రెండున్నాయి. కారులో ఉండగానే ఇరుసుకి వెల్డింగ్ పెట్టించకండి. సీటులో ఉండేది నురుగు, నిమిషంలో అంటుకుంటుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే అసలు మీరు కవరు విప్పకండి. సీటు కింద పసుపు రంగు వైరు కనెక్టరు కనబడితే దాన్ని ముట్టుకోకుండా తెలిసిన వాళ్లకు ఇవ్వండి.

విరగకుండా ఉండాలంటే సీటుకి ఆనుకుని లాగవద్దు. వీపు కొంచెం ముందుకు తెచ్చి, పళ్ల మీద బరువు తగ్గించి, అప్పుడు లాగండి. వదిలాక ఒకసారి వెనక్కి నొక్కి, గట్టిగా పట్టిందో లేదో చూసుకోండి. బండి నడుస్తుండగా డ్రైవరు సీటు వాల్చనే వద్దు.

బావగారి కారుకి రెండు పక్కలా కొత్త రిక్లైనర్లు వేయించాను. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను. నా 180 రూపాయల హ్యాండిల్ మాత్రం మేస్త్రి గారు తీసేయలేదు. "ఇప్పుడు ఇది ఉండొచ్చు సార్" అని మళ్లీ అదే బిగించారు. ఇప్పుడు రెండు వేళ్లతో లాగితే చాలు.

చివరిగా ఒక మాట. తొమ్మిదో తరగతిలో నేను ల్యాబులో త్రాసు దండం విరగ్గొట్టి, ఎవరూ చూడకుండా లక్కతో అతికించాను. ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారు మర్నాడే పట్టుకున్నారు. కొట్టలేదు. "అతికించడం తర్వాత, ముందు ఎందుకు విరిగిందో చెప్పు" అన్నారు. చెప్పేదాకా బెంచీ ఎక్కించారు. పళ్లెంలో రాయి వేసి నొక్కానని ఒప్పుకున్నాను. మాస్టారూ, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే తప్పు చేశాను. ఈసారి బెంచీ ఎక్కించడానికి మీరు దగ్గర లేరు, అందుకని అక్కా బావగార్ల ప్రాణాల మీదికి తెచ్చాను. మీ ముందు ఒప్పుకోవాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. బయట నా కారు దగ్గర రెండు విరిగిన హ్యాండిల్స్, కొన్ని పనిముట్లు పెట్టాను. భోజనాల తర్వాత కావలసిన వాళ్లు రండి, చేసి చూపిస్తాను. సెలవు.